ముల్లు దిగితే ఏ భాష?

రండి, ఇలా మంట దగ్గరికి జరగండి. మార్గళి నెల, తెల్లవారుజాము. మా కారియాపట్టి చలిని చూసి పాడేరు వాళ్ళు నవ్వుతారని తెలుసు. అయినా మాకున్నది ఇదే చలి, దీనికే దుప్పట్లు కప్పుకుని గొప్పలు పోతాం. నీళ్ళ కాగు కింద మండుతున్నది పత్తికట్టె. పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలిన ఎండు మోళ్ళు పీకి, కట్టలు కట్టి దొడ్లో వేసుకుంటాం. తమిళంలో దాన్ని పరుత్తిమార్ అంటారు, మా ఇంటి తెలుగులోనూ అదే మాట. చప్పున అంటుకుంటుంది, చప్పున ఆరిపోతుంది. ఎవరో ఒకరు ఎగదోస్తూనే ఉండాలి. ఆ పని నేను చూసుకుంటాను, మీరు ఈ సాత్తూరు కారసేవు నములుతూ వినండి.

ఇవాళ్టి కబురు మాటలకి హద్దులు గీయడం గురించి. మనసు గురించీ భాష గురించీ చదువుకున్నవాళ్ళు తాము వాడే ప్రతి మాటకీ ఒక నిర్వచనం చెప్పుకుంటారు చూడండి, దాని గురించి. పేరు వింటేనే ఆవలింత వస్తోందా? నాకూ వచ్చేది. ఈ గొడవ ఒక కాగితం రూపంలో మా ఇంటి అరుగెక్కిన రోజు నుంచి రావడం మానేసింది.

కొన్నేళ్ళ కిందట ఒక కాలేజీ అమ్మాయి ఫారాల కట్టతో మా వీధికి వచ్చింది. చదువులో భాగంగా ఇంటింటికీ తిరిగి ఎవరిది ఏ భాషో రాసుకోవాలట. మా అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండుకి గింజ తీస్తోంది. అమ్మాయి తమిళంలో మొదటి ప్రశ్న అడిగింది: మీ తాయ్‌మొళి ఏది? తాయ్ అంటే తల్లి, మొళి అంటే భాష. అవ్వ చేతిలో పని ఆపకుండానే, "మా అమ్మ పోయి అరవై ఏళ్ళయింది తల్లీ" అంది.

అమ్మాయి నవ్వలేదు, మంచి పిల్ల. ప్రశ్న మార్చింది. ఇంట్లో ఏం మాట్లాడతారు? ఎవరితో, అంది అవ్వ. కొడుకులతో అయితే తెలుగు. చిన్నకోడలు అరవ పిల్ల, దాంతో అరవం. పెద్దకోడలితో ఈ మధ్య మాటల్లేవు. అంగట్లో అరవం. పొలంలో కూలీలతో అరవం, ఎద్దులతో రెండూ. గింజలు లెక్కపెట్టేది తెలుగులో, డబ్బులు లెక్కపెట్టేది అరవంలో. దేవుడికి ఏదైనా అర్థమవుతుంది కాబట్టి అక్కడ చూసుకోదు. ఫారంలో ఉన్నది ఒకే గీత. దాని మీద ఒకే మాట పడుతుంది. ఆ పిల్ల కలం పట్టుకుని అలా కూర్చుండిపోయింది.

మా సంగతి మీకు తెలియకపోవచ్చు. కారియాపట్టి మధురై నుంచి తూత్తుక్కుడి వెళ్ళే దారిలో, అరుప్పుకోట్టైకి ముందు తగులుతుంది. విరుదునగర్ జిల్లా. ఇక్కడి నుంచి కోవిల్‌పట్టి దాకా, ఆ కిందికీ నల్లరేగడి నేలే, తమిళంలో కరిసల్. విజయనగరం కాలంలోనూ, ఆ తర్వాత మధురై నాయక రాజుల కాలంలోనూ ఉత్తరం నుంచి దిగి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నల్లమట్టిలో ఊళ్ళకి ఊళ్ళే కట్టుకున్నాయి. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన ఇంట్లో మాట్లాడిందీ తెలుగే. 2011 లెక్కల్లో తమిళనాడు మొత్తం మీద తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. వీళ్ళలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. నాకూ పాతికేళ్ళు దాటాకే వచ్చింది, అదీ బస్టాండులో కొన్న పెద్దబాలశిక్ష పుణ్యమా అని. అందుకే నా రాత తెలుగు పుస్తకంలా ఉంటుంది, నోటి తెలుగు వింటే మీరు కంగారుపడతారు.

మాతృభాష అన్నది మనకి వేదంలా అనాదిగా ఉన్న మాట అనుకుంటాం గానీ, జనాభా లెక్కలవాళ్ళు దాన్ని ఎన్నిసార్లు తిప్పారో చూడండి. 1881లో అడిగింది మాతృభాష. 1891 వచ్చేసరికి తల్లిదండ్రుల భాష అన్నారు. 1901 నుంచి 1921 దాకా మామూలుగా వాడే భాష అన్నారు. 1931లో మళ్ళీ మాతృభాష దగ్గరికే వచ్చారు. ఇప్పుడున్న లెక్క ప్రకారం, చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష మాతృభాష. తల్లి పసితనంలోనే పోతే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా వినబడిన భాష. పాపం ఎంత జాగ్రత్తగా ఆలోచించారో! అయినా 2011లో జనం చెప్పిన పేర్లన్నీ పోగేస్తే 19,569 తేలాయి. వాటిని సవరించి, కలిపి, జల్లెడ పట్టి 1,369 మాతృభాషలుగా, ఆఖరికి 121 భాషలుగా సర్దారు. అంటే ముందు జనం తమకి తోచిన నిర్వచనం చెప్పారు, తర్వాత ఆఫీసు తనకి కావలసిన నిర్వచనంలో వాళ్ళని కూర్చోబెట్టింది. రైల్లో రిజర్వేషను లేనివాళ్ళని టీసీ సర్దినట్టు.

తెనాలి రామలింగడి పేరు మీద ఒక కథ చెబుతారు, విన్నారో లేదో. రాజుగారి కొలువుకి ఒక పండితుడొస్తాడు. అన్ని భాషలూ గడగడా మాట్లాడతాడు. నా మాతృభాష ఏదో చెప్పండి చూద్దాం అని సవాలు. ఎవరూ చెప్పలేరు. రాత్రి అతను నిద్రపోతుంటే రామలింగడు వెళ్ళి సూదితో చురుక్కుమనిపిస్తాడు. అతను ఏ భాషలో కేక పెట్టాడో అదే అతని మాతృభాష. ఇదే కథ బీర్బల్ పేరు మీదా ఉంది, ఇంకెవరి పేరు మీదో కూడా ఉండే ఉంటుంది. ఇందులో తమాషా ఏమిటంటే, అమెరికాలో పెర్సీ బ్రిడ్జ్‌మన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1927లో ఒక పుస్తకం రాస్తూ చెప్పిన సంగతి అచ్చంగా ఇదే. ఒక మాటకి అర్థమేమిటని గాలిలో వెతక్కండి, దాన్ని కొలవడానికి మీరు చేసే పనేదో చెప్పండి, ఆ పనే దాని అర్థం అన్నాడాయన. మనస్తత్వ శాస్త్రం వాళ్ళు దీన్ని ఎగిరి అందుకున్నారు. వాళ్ళ చేతిలో ఉన్నవన్నీ తూకానికి దొరకని సరుకులు మరి. వాళ్ళలోనే బోరింగ్ అనే ఆయన అంతకు నాలుగేళ్ళ ముందు, 1923లోనే, తెలివితేటలంటే తెలివితేటల పరీక్షలు కొలిచేదే అని తేల్చిపారేశాడు. చమత్కారమా, నిజంగానే అన్నాడా అని ఇప్పటికీ వాదులాడుకుంటారు. రామలింగడి సూదిని మాత్రం గుర్తుంచుకోండి, దాంతో తర్వాత పనుంది.

రెండు భాషలు వచ్చినవాణ్ణి ద్విభాషి అంటాం కదా. ఎంత వస్తే ద్విభాషి? 1933లో బ్లూమ్‌ఫీల్డ్ అనే భాషావేత్త గీత చాలా ఎత్తున గీశాడు: రెండూ పుట్టుకతో వచ్చినంత బాగా రావాలి. ఆ లెక్కన మా జిల్లాలో ద్విభాషులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఇరవై ఏళ్ళ తర్వాత, 1953లో, వైన్‌రైఖ్ అనే మరో భాషావేత్త గీతని నేల మీదికి దించాడు: రెండు భాషలని మార్చి మార్చి వాడే అలవాటుంటే చాలు. ఆ లెక్కన మా మేకల కాపరి కూడా ద్విభాషే. మధ్యలో మా అవ్వ ఏమీ మారలేదు, అరుగు మీదే ఉంది.

ఇక్కడ నాకు కాస్త కోపం వచ్చే మాట ఒకటుంది. స్వీడన్‌లో 1960లలో సగంభాష అనే అర్థం వచ్చే మాట పుట్టింది. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకి రెండూ పూర్తిగా రావని, ఇదీ సగం అదీ సగమని. తర్వాత భాషావేత్తలే దాన్ని చీల్చి చెండాడారు. సగం అంటే దేంట్లో సగం, పూర్తి భాష ఎవరి దగ్గర ఉంది, చూపించండి అన్నారు. అది పుస్తకాల్లో వాడుక తప్పింది. బళ్ళలో మాత్రం తప్పలేదు. నా చిన్నప్పుడు ఒక మాస్టారు, పేరెందుకు లెండి, నా తమిళ వ్యాసం చూసి ఇంట్లో తెలుగూ సరిగా రాదు, బళ్ళో తమిళమూ సరిగా రాదు, నువ్వెందుకు పనికొస్తావురా అన్నారు. మా నైనా సాయంత్రం ఆ మాట విని, పోనీలే, గాడిదకి గుర్రం భాష రాదు, గుర్రానికి గాడిద భాష రాదు, కంచరగాడిదే ఎక్కువ బరువు మోస్తుంది అన్నాడు. అప్పుడు ఓదార్పుగానే ఉంది. పెద్దయ్యాక ఆలోచిస్తే ఆయన నన్ను ఏమన్నట్టో తేల్చుకోలేకపోయాను.

కాగు కింద మంట తగ్గింది, ఉండండి. ఆ, ఇప్పుడు బాగుంది.

నిర్వచనం ఎక్కడ చెడుతుందో పట్టుకోవడం మనవాళ్ళకి కొత్త విద్య కాదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసి, దానికి తనే దీపిక అని వ్యాఖ్య రాసుకున్నాడు. న్యాయశాస్త్రంలో చేరే కుర్రవాళ్ళు ఇవాళ్టికీ మొదట చదివేది దాన్నే. నిర్వచనాన్ని లక్షణం అంటాడు. లక్షణానికి మూడు జబ్బులు రావచ్చు. ఉదాహరణకి ఆవుని తీసుకున్నాడు, మన అదృష్టం. కపిల రంగులో ఉండేది ఆవు అంటే తెల్లావు బయటే ఉండిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా లోపలికి దూరుతుంది, అది అతివ్యాప్తి. చీలని గిట్ట ఉన్నది ఆవు అంటే ఒక్క ఆవూ దొరకదు, గుర్రాలు మిగులుతాయి, అది అసంభవం. మరి ఆవంటే? గంగడోలు ఉన్నది. మెడ కింద వేలాడే ఆ మెత్తటి తోలు మడత. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మా మామ మొదట చెయ్యేసి చూసేది కూడా గంగడోలునే. తర్కం చదివి కాదు, ముట్టుకోనిచ్చే ఎద్దా, కుమ్మే ఎద్దా అని తెలుసుకోవడానికి.

ఈ మూడు జబ్బులు చదువుతుంటే నాకు మా అక్క మనవడు గుర్తొచ్చాడు. ఏడాదిన్నరవాడు. వాడికి కుక్క భౌ, పిల్లి భౌ, మేక భౌ, ఒక రోజు నల్ల దుప్పటి కప్పుకున్న మా బావ కూడా భౌ. పిల్లల మాటల మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనికి పెట్టుకున్న పేరుని తెలుగులోకి తెస్తే నికరంగా అతివ్యాప్తి అనే వస్తుంది. వాడే తన ఎర్ర లారీ బొమ్మని మాత్రమే లారీ అంటాడు, రోడ్డు మీద పోయే నిజం లారీ వాడి లెక్కలో లారీ కాదు. అది అవ్యాప్తి. అన్నంభట్టు శాస్త్రులకి చెప్పిన రెండు జబ్బులూ ప్రతి పిల్లవాడూ చేసి, తనంతట తనే నయం చేసుకుని బయటపడతాడన్నమాట. మూడోది, అసంభవం, పిల్లలు చెయ్యరు. ఎక్కడా లేనిదానికి పేరు పెట్టడం పెద్ద చదువులు చదివాకే వస్తుంది. ఒక్క మనవి: వాడు పాలవాణ్ణీ, కండక్టరునీ, ఎలక్ట్రీషియన్నీ మామ అంటే అది అతివ్యాప్తి కాదు. మా వైపు అది మర్యాద.

పిల్లల సంగతి సరే, పెద్దల మాటలకి హద్దులు గట్టిగా ఉంటాయా అని 1973లో లబోవ్ అనే అమెరికన్ ఒక సరదా పరీక్ష పెట్టాడు. కప్పుల బొమ్మలు గీశాడు. ఒక్కో బొమ్మకి మూతి కాస్త కాస్త వెడల్పు చేస్తూ పోయాడు. ఎక్కడిదాకా కప్పు, ఎక్కడి నుంచి గిన్నె? జనం తేల్చుకోలేక నసిగారు, ఒకరు ఆగిన చోట ఇంకొకరు ఆగలేదు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఇందులో కాఫీ ఉందనుకోండి అంటే అదే బొమ్మని ఎక్కువమంది కప్పు అన్నారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంప ఉందనుకోండి అంటే గిన్నె అన్నారు. వస్తువు మారలేదు, లోపలున్న సరుకు మారింది. దీనికి ల్యాబొరేటరీ అక్కర్లేదు, మీరు మా ఇంటికి రండి చాలు. మీకు కాఫీ దబరాలో ఇస్తాం. ఇక్కడ దబరా అంటే గ్లాసు కింద పెట్టే చిన్న గిన్నె, కాఫీ తిరగబోసుకోవడానికి. ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన చుట్టం దబరాలో కాఫీ తెమ్మంటావా అని మా చెల్లి అడిగితే బిత్తరపోయాడు. వాళ్ళింట్లో డబరా అంటే నలుగురికి పప్పు వండే గిన్నె.

మా పొలం గట్ల మీదున్న ముళ్ళచెట్టునే చూడండి. తెలుగునాట దాన్ని సర్కారు తుమ్మ అంటారు. తమిళంలో సీమై కరువేలం, అంటే సీమ నుంచి వచ్చిన తుమ్మ. మా పక్క పల్లెల్లో వేలికాత్తాన్, అంటే కంచె కాచేవాడు. ఒకళ్ళు అది ఎవరు నాటించారో చెప్పారు, ఇంకొకళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పారు, మూడోవాళ్ళు అది ఏం పని చేస్తుందో చెప్పారు. బొగ్గు కాల్చేవాడు నాలుగో మాట చెబుతాడు. చెట్టు ఒక్కటే, ముల్లూ ఒక్కటే.

మనసు సంగతికి వస్తే ముట్టుకోవడానికి గంగడోలూ లేదు, గుచ్చుకోవడానికి ముల్లూ లేదు. 1981లో క్లైన్‌గిన్నా అనే ఇంటిపేరున్న ఇద్దరు అమెరికా పరిశోధకులు ఉద్వేగం అనే ఒక్క మాటకి శాస్త్రజ్ఞులు రాసిన నిర్వచనాలు పోగేశారు. 92 దొరికాయి. ఇవి కాక, అసలు ఈ మాటకి నిర్వచనం కుదరదు అని పెదవి విరిచినవి మరో 9. తిరుపతి లడ్డుకి కూడా ఇన్ని వర్ణనలుండవు. మన తెలుగు పాఠ్యపుస్తకాలవాళ్ళు ఉద్వేగం, అనుభూతి, సంవేదన, ప్రత్యక్షం అని నాలుగు పెట్టెలు చేసి పెట్టారు. పరీక్షలో రాయడానికి బాగుంటాయి. కానీ మా చెల్లెలి కూతుర్ని మధురైలో హాస్టల్లో వేసినప్పుడు అది వారం రోజులు అన్నం ముట్టకపోతే ఈ నాలుగిట్లో ఒక్క పెట్టె కూడా అక్కరకు రాలేదు. ఫోన్లో దాని గొంతు విని అవ్వ ఒకే మాట అంది: "దానికి బెంగ పట్టుకుంది."

బెంగకి నిర్వచనం చెప్పండి చూద్దాం. దుఃఖమా? ఎవరూ పోలేదు. భయమా? దేనికీ భయపడలేదు. దిగులా? దగ్గరికొచ్చారు గానీ కాదు. రేపు కందులకి ధర పడిపోతుందేమోనని మా బావ పడేది దిగులు, దానికి అవతలి కొసన మనిషి ఉండనక్కర్లేదు. అర్ధరాత్రి ఫోను మోగితే గుండెల్లో కదిలేది గుబులు. బెంగకి అవతల ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి బతికే ఉండాలి, మనకి అందకుండా ఉండాలి. ఇంకా ఒకటుంది: బెంగతో జ్వరం వస్తుంది. బెంగజ్వరం అన్న మాట మీరూ వినే ఉంటారు. తమిళంలో ఏక్కం అంటారు, దగ్గరి మాటే, కానీ ఏక్కం కొత్త చీర మీద కూడా ఉండొచ్చు. చీర మీద బెంగ పెట్టుకున్నానని మా ఇంట్లో ఎవరైనా అంటే నవ్వుతారు. చూశారా, నేను కూడా అవ్యాప్తీ అతివ్యాప్తీ సరిచూసుకుంటూ మొదలెట్టాను. ఈ జబ్బు అంటుకుంటుంది.

హాస్టలువాళ్ళు పిల్లని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మంచివాడు, చాలాసేపు అడిగి, ఇది డిప్రెషన్ కాదు, ఇంటికి పంపించి నాలుగు రోజులుంచండి అన్నాడు. ఆయన చేతిలో ఒక జాబితా ఉంటుంది. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం ప్రకారం తొమ్మిది లక్షణాలు, వాటిలో కనీసం అయిదు, కనీసం రెండు వారాల పాటు ఉండాలి. ఆ అయిదింటిలో కుంగుబాటు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి తప్పకుండా ఉండాలి. నాలుగున్నా, పదమూడు రోజులే అయినా ఆ పేరు రాయరు. ఇదేం లెక్క, మనసేమన్నా పత్తి బేలా అని నేను ఎగతాళి చేయబోయాను. మా మేనల్లుడు, నర్సింగు చదివినవాడు, ఆపాడు. మామా, కోవిల్‌పట్టిలో డాక్టరూ కొలంబోలో డాక్టరూ ఒకే మనిషిని చూసి ఒకే మాట అనాలంటే ఏదో ఒక గీత ఉండాలి కదా, మందు తేడాగా పడితే నీ బెంగకి ఎవరు పూచీ అన్నాడు. నిజమే. ఆ జాబితా పిల్ల ఏం పడుతోందో చెప్పడానికి పుట్టింది కాదు, డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పుట్టింది. అవ్వ మాట ఎవరు వెళ్ళి పిల్లని తీసుకురావాలో చెప్పడానికి పుట్టింది. మా చెల్లి రెండూ విని, మొదటి బస్సు పట్టుకుంది.

ఇంకో తమాషా. మన పెద్దలు లోపలి సరంజామాని మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగుగా పంచారు. అహంకారం అంటే అక్కడ తప్పు మాట కాదు, ఇది నేను చేస్తున్నాను అని లోపల అనుకునే ఆ నేను. వీధిలోకి వచ్చేసరికి అది పొగరైంది. (చిత్తం గతి ఇంకా ఘోరం, దొరల ముందు చేతులు కట్టుకుని అనే మాటైపోయింది.) అటు వియన్నాలో ఫ్రాయిడ్ 1923లో పుస్తకం రాస్తూ జర్మన్‌లో మామూలుగా నేను అనే మాటనే వాడాడు. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళు అది మరీ సాదాగా ఉందనుకున్నారో ఏమో, లాటిన్ మాట తెచ్చి ఈగో అని పెట్టారు. ఆ ఈగో ఓడెక్కి, సినిమాలెక్కి మా ఊరొచ్చింది. ఇప్పుడు కారియాపట్టి బస్టాండులో వాడికి ఈగో ఎక్కువరా అంటే అర్థమేమిటి? పొగరు. కాశీ నుంచి బయల్దేరిన నేనూ వియన్నా నుంచి బయల్దేరిన నేనూ ఒకే టీకొట్టు దగ్గర దిగి, ఒకే తిట్టుగా మారాయి.

పనిముట్ల మాటలకి ఈ బాధ తక్కువ. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో తెచ్చారు. జిల్లాలు తిరిగి రైతుల నోట విన్న మాటలు పోగేసిన పుస్తకం. మేడి అంటే నాగలికి చెయ్యి పట్టే చోటు. కర్రు అంటే నేల చీల్చే ఇనుము. కాడి ఎద్దుల మెడ మీదిది, నొగ నాగలినీ కాడినీ కలిపేది. వీటి మీద ఇద్దరు రైతులు పోట్లాడుకోరు, పేరు మారినా వేలు అదే చోటు చూపిస్తుంది. ఆ పుస్తకం కోసం తిరిగింది ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. మా వైపు రాలేదు, రావలసిన పని వాళ్ళకి లేదు.

మా వైపు ఆ పని చేసినాయన ఒకరున్నారు, మీరు పేరు వినే ఉంటారు. కి. రాజనారాయణన్, కీరా. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరు. ఇంట్లో తెలుగు, రాసిందంతా తమిళం. 1976లో వచ్చిన గోపల్ల గ్రామం మన తెలుగువాళ్ళు ఈ నల్లనేలకి వలస వచ్చి ఊరు కట్టుకున్న కథ. దాని తర్వాతి నవలకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వానకి తలదాచుకోవడానికి బడికి వెళ్ళాననీ, అప్పుడు కూడా బడిని చూడకుండా వాననే చూస్తూ నిలబడ్డాననీ తన చదువు గురించి తనే వేళాకోళం ఆడుకునేవారు. ఆయన కరిసల్ నేల మాటలతో ఒక నిఘంటువు చేశారు. పండితులు మొరటు మాటలని విసిరేసినవన్నీ అందులో చేరాయి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచి ఆచార్యుడి కుర్చీ వేసింది. 2021లో పోయారు.

ఆ నిఘంటువు తమిళ మాటలది. కృష్ణమూర్తిగారి పుస్తకం రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగింది, కీరా పుస్తకం భాష సరిహద్దు దగ్గర ఆగింది. మా అవ్వ రోజూ వాడే మాటలు ఆ రెండిటి మధ్య సందులో పడిపోయాయి. ఎవరినీ తప్పుపట్టి అనడం లేదు. ఒక్కోసారి దొడ్లో పనిముట్టు ఒకటి తీసి దీన్ని తెలుగులో ఏమంటారని నా కొడుకు అడుగుతాడు. నేను చెప్పేది తెలుగో, తెలుగు గొంతుతో పలికిన తమిళమో నాకే తెలియదు. తెలుసుకోవడానికి తిరగేసే పుస్తకం లేదు.

అసలు తెలుగూ తమిళమూ అక్కచెల్లెళ్ళన్న సంగతి లెక్కప్రకారం తేల్చిన దొరల్లో ఒకరు మా దగ్గరే పోయారు. మద్రాసు కలెక్టరు ఎల్లిస్. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటలా ఒక వ్యాసం చేర్చి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిపి దాన్ని చూడాలి అన్నాడు. 1819లో రామనాథపురంలో చనిపోయాడు. ఇక్కడికి తూర్పున కొన్ని గంటల ప్రయాణం. 1856లో కాల్డ్‌వెల్ అనే మరో దొర ఈ భాషలన్నిటికీ కలిపి ద్రావిడ అని పేరు ఖాయం చేశాడు. ఆయన ఇల్లు కూడా మాకు దక్షిణాన, తిరునెల్వేలి వైపు ఇడైయన్‌గుడిలో. అంతకుముందు సంస్కృతం వాళ్ళు ద్రావిడ అంటే ఎక్కువగా తమిళమే అనుకునేవాళ్ళు. కాల్డ్‌వెల్ ఆ మాటని సాగదీసి మనల్నందరినీ కిందికి తెచ్చాడు. అవ్యాప్తికి మందేశాడన్నమాట.

తెల్లారింది. అదిగో, మా చేలో ఎల్లరాయి కనబడుతోందా? పక్కకి ఒరిగింది. ఏటా అంతే. వానలకి ఈ నల్లమట్టి ఉబ్బుతుంది, ఎండలకి కుంచించుకుపోయి దూడ కాలు దిగేంత బీటలిస్తుంది. ఆ ఉబ్బరింపుకీ కుదింపుకీ రాయి అటూ ఇటూ ఊగి ఒక పక్కకి వాలిపోతుంది. మా తాతా పక్క చేనాయనా ఏటా చిత్తిరై నెలలో తాడు పట్టుకుని కొలిచి మళ్ళీ నిటారుగా పాతేవాళ్ళు. పాతేటప్పుడు పోట్లాట, పాతాక మజ్జిగ. ఎవరూ రాయి వద్దనలేదు, రాయి కదలదనీ అనుకోలేదు.

ఆ కాలేజీ పిల్ల సంగతి మధ్యలో వదిలేశాను కదూ. ఫారంలో ఆ గీత ఖాళీగానే ఉంది. నేను రామలింగడి కథ చెప్పాను. పిల్లకి నచ్చింది, కానీ ముసలావిడని సూదితో పొడవడం ఎలా అంది. అవ్వ నవ్వి, నువ్వు కూర్చో, ముందు కాఫీ తాగు అని లేచి దొడ్లోకి నడిచింది, పొయ్యిలోకి నాలుగు పుల్లలు తేవడానికి. అక్కడ వేలికాత్తాన్ కంప ఒకటి అడ్డంగా పడి ఉంది. చెప్పుల్లేని కాలు. ముల్లు మడమలోకి దిగింది.

పిల్ల కలం తెరిచి పట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను.

అవ్వ అంది: "అయ్యో!"

పిల్ల నా వైపు చూసింది, ఇది తెలుగా, తమిళమా అని. నేను పిన్నీసు కోసం లోపలికి పరిగెత్తాను.